ఐటీ ఉద్యోగం నుంచి పోలీసు దర్యాప్తులోకి రావాలనుకునేవారికి నా సమాధానం

కనిగిరి ప్రాంతం నుంచి వెళ్లి చెన్నైలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్న మీరు, పోలీసు శాఖలో డిటెక్టివ్ కావడానికి దారి ఏమిటని, ఐటీ అనుభవం అక్కడ ఎంతవరకు అక్కరకు వస్తుందని అడిగారు. నేను కావలి దగ్గర ఒక పల్లెలో పుట్టి, చెన్నైలోనే ఒక సంస్థలో డేటాబేస్ పని చేసి, 2018 నోటిఫికేషన్ ద్వారా ఎస్సైగా ఎంపికైనవాణ్ణి. ఉద్యోగ నియమాల దృష్ట్యా కేసుల ఊళ్లు, పేర్లు చెప్పను. మిగిలినదంతా నేను చూసినది చూసినట్టు రాస్తున్నాను.

మన ఆంధ్రప్రదేశ్ పోలీసులో డిటెక్టివ్ అనే పదవికి నేరుగా నియామకం లేదు. నేరం నమోదైన స్టేషన్‌లోని ఎస్సై గాని, సీఐ గాని ఆ కేసుకు దర్యాప్తు అధికారి అవుతారు. ఆస్తి నేరాలను చూసే సీసీఎస్‌కు (సెంట్రల్ క్రైమ్ స్టేషన్) గాని, సీఐడీకి గాని అధికారులు చాలావరకు స్టేషన్లలో పనిచేసి వచ్చినవారే. దర్యాప్తును శాంతిభద్రతల విధుల నుంచి విడదీయాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించినా, స్టేషన్ స్థాయిలో ఆ విభజన ఇంకా పూర్తిగా రాలేదు. అందువల్ల మీరు ఎస్సై అయితే ఉదయం భూతగాదా అర్జీ, మధ్యాహ్నం రోడ్డు ప్రమాదం శవపంచనామా, సాయంత్రం బందోబస్తు, వీటి మధ్యలోనే మీ దర్యాప్తు. నెల్లూరులో మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర జరిగే రొట్టెల పండుగకు లక్షల మంది వస్తారు. అక్కడ బందోబస్తుకు నిలబడినప్పుడు, దొంగలను పట్టే పనిలో ఉండే, అనుభవం ఉన్న క్రైమ్ పార్టీ కానిస్టేబుళ్లు అంతటి జనంలో పాత జేబుదొంగను నడకను బట్టి గుర్తుపట్టడం చూసి, ఈ వృత్తిలో నేను నేర్చుకోవలసినది ఎవరి దగ్గర ఉందో నాకు అర్థమైంది.

అర్హతల విషయం క్లుప్తంగా చెబుతాను. ఎస్సై పోస్టుకు ఏదైనా డిగ్రీ చాలు. 2022 నవంబరులో 411 ఎస్సై పోస్టులకు వచ్చిన నోటిఫికేషన్‌లో వయసు 21 నుంచి 27 ఏళ్లు, బీసీ, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5 ఏళ్ల సడలింపు ఉంది. పురుషులకు ఎత్తు కనీసం 167.6 సెంటీమీటర్లు ఉండాలి, 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. ప్రిలిమినరీలో గణితం, రీజనింగ్ మీకు సులువే గాని, తుది పరీక్షలో తెలుగు వ్యాసరచన కూడా ఉంటుంది కనుక ఇప్పటి నుంచే రోజుకొక పేజీ చేత్తో రాయండి. 2018 తరువాత మళ్లీ నోటిఫికేషన్ రావడానికి 2022 దాకా పట్టింది. వయసు పరిమితి దగ్గర పడినవారికి ఇదే అన్నింటికన్నా పెద్ద అడ్డంకి.

ఇక మీ అసలు ప్రశ్న. ఐటీ అనుభవం పనికి వస్తుందా అంటే, తప్పకుండా వస్తుంది. ఎలా వస్తుందో ఒక కేసు ద్వారా చెబుతాను. పొలాల్లోని కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లను విప్పి రాగి తీగ ఎత్తుకుపోవడం ప్రకాశం, నెల్లూరు జిల్లాల రైతులకు తెలిసిన బాధే. నాటు వేసిన పొలం నీళ్లు లేక పగుళ్లిస్తుంటే, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడు వస్తుందా అని రైతు ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. అటువంటి దొంగతనాలు మూడు, మూడు వేర్వేరు రాత్రుల్లో జరిగాయి. ఎస్పీ కార్యాలయం ద్వారా ఆ రాత్రుల టవర్ డంప్ తెప్పించాం. అంటే ఆ సమయంలో ఆ టవర్ల పరిధిలో ఉన్న ఫోన్ నంబర్లన్నీ. మూడు జాబితాలలోనూ ఉన్న నంబర్లను వేరు చేయడం డేటాబేస్ పని తెలిసినవారికి కొద్ది నిమిషాల పని. కాని పల్లె టవరు ఒక్కొక్కటి కొన్ని కిలోమీటర్ల మేర పనిచేస్తుంది, పక్కనే 16వ నంబరు జాతీయ రహదారి ఉంది. కాబట్టి వేరు చేసిన నంబర్లన్నీ పాల వ్యానువారివి, రొయ్యల లోడు తోలే డ్రైవర్లవి, రోజూ ఆ దారినే పోయేవారివి అని విచారణలో తేలింది.

దారి చూపింది ఒక రైతు. స్టేషన్‌లో ఆయన వాంగ్మూలం నాలుగు వాక్యాల్లో ముగిసింది. తరువాత నేను ఆయన పొలానికి వెళ్లి, గట్టు మీద కూర్చుని, పైరు గురించి, తెచ్చిన అప్పు గురించి ఆయన చెప్పినదంతా విన్నాక, ఆయన తనంతట తానే ఒక మాట అన్నారు: “వాళ్లు హడావిడిగా చేసిన పని కాదు సార్. ముందు ఏబీ స్విచ్ దించినారు, ఫ్యూజులు తీసి పక్కన పెట్టినారు, తరవాతనే నూనె వంచినారు. పని తెలిసినోడే చేసినాడు.” (ఏబీ స్విచ్ అంటే ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే స్విచ్.) ఆ మాట పట్టుకుని, ట్రాన్స్‌ఫార్మర్ల మరమ్మతు కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసి మానేసినవారి గురించి ఆరా తీశాం. అప్పుడు మళ్లీ డేటా పనికొచ్చింది. వారిలో ఒకరి ఫోన్ కొన్ని నెలల కాల్ రికార్డులో ఎప్పుడూ ఆగకుండా, సరిగ్గా ఆ మూడు రాత్రులు మాత్రమే ఆగిపోయి ఉంది. టవర్ డంప్‌లో లేని మనిషిని టవర్ డంప్‌లో ఎంత వెతికినా దొరకడు. రికార్డులో ఏది లేదో చూడాలన్న ఆలోచన ఆ రైతు మాట తరువాతే వచ్చింది. రాగి పాత ఇనుప సామాన్ల కొట్టులో పట్టుబడింది. మీ సాంకేతిక నైపుణ్యం ఈ పనిలో ఉండే చోటు ఇదని నా అభిప్రాయం. సరైన ప్రశ్న దొరికాక జవాబును అది చాలా వేగంగా తెచ్చిపెడుతుంది. ప్రశ్న మాత్రం మనుషుల దగ్గరే దొరుకుతుంది, దానికి వారి ఇంటికి, పొలానికి వెళ్లే ఓపిక కావాలి.

దొంగ దొరకడంతో పని పూర్తి కాదు, అక్కడి నుంచి కాగితం మొదలవుతుంది. ముద్దాయి పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. అతను చెప్పినదాన్ని బట్టి ఏదైనా వస్తువు బయటపడితే, ఆ మేరకు ఉన్న మాటలే చెల్లుతాయి. పాత సాక్ష్య చట్టంలో ఉన్న ఈ నియమం భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్‌లోనూ కొనసాగింది. కనుక ఎక్కడ, ఎవరి సమక్షంలో, ఏ క్రమంలో వస్తువు దొరికిందో మధ్యవర్తుల నివేదికలో (పంచనామాలో) రాసిన తీరు మీదే కేసు నిలబడుతుంది. 2024 జులై 1న కొత్త చట్టాలు అమలులోకి వచ్చాక సోదా, స్వాధీనాలను వీడియో తీయడం తప్పనిసరి అయింది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడదగిన నేరాలలో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలని కూడా ఆ చట్టాలు చెబుతున్నాయి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే ధ్రువపత్రంలో హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు, కాని ఫైలు మారలేదని చూపే ఆ డిజిటల్ వేలిముద్ర గురించి జడ్జిగారికి, డిఫెన్సు న్యాయవాదికి అర్థమయ్యే తెలుగులో చెప్పగలగాలి. ముద్దాయి రిమాండులో ఉంటే నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు వేయాలి, లేకపోతే అతనికి బెయిలు హక్కుగా వస్తుంది. కేసు డైరీ ఏ రోజుది ఆ రోజు రాయాలి. స్టేషన్ రైటర్ సాయం ఉంటుంది గాని, బోనులో నిలబడి జవాబు చెప్పేది మీరే.

సైబర్ నేరాలు చూడాలన్న ఆశతోనే చాలామంది ఐటీ వారు ఇటు వస్తారు. సమాచార సాంకేతిక చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింది నేరాలను ఇన్‌స్పెక్టరుకు తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. ఎస్సైగా మీరు సహాయపడగలరు, అది కూడా విలువైన పనే. పొదుపు సొమ్ము పోగొట్టుకున్న పెద్దాయన స్టేషన్‌కు వచ్చిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫిర్యాదు చేయించి, డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారేలోపు ఆపించగలిగితే, ఆ ఇంట్లో జరిగిన మేలు ఇంతా అంతా కాదు. సైబర్ పని ఒక్కటే కావాలనుకుంటే డిజిటల్ ఫోరెన్సిక్ చదువు, అందుకు గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ శాస్త్రాల విశ్వవిద్యాలయం వంటివి మీకు మేలైన దారి. కేంద్ర సంస్థలో దర్యాప్తు కావాలంటే కేంద్ర ఉద్యోగాలకు జరిగే ఎస్ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష ద్వారా సీబీఐ ఎస్సై పోస్టు ఉంది.

జీతం గురించి కూడా ఇంట్లో ముందే మాట్లాడండి. 2022 నోటిఫికేషన్ ప్రకారం ఎస్సై మూలవేతనం 44,570 రూపాయలతో మొదలవుతుంది. ఇంటి అప్పు వాయిదాలు ఐటీ జీతాన్ని నమ్ముకుని ఉంటే అవి తగ్గాకే కదలడం మంచిది. పండుగ పూట ఇంట్లో ఉండరన్న సంగతి మీ భార్యకో, తల్లిదండ్రులకో ముందే తెలిసి ఉండాలి.

నిర్ణయానికి ముందు ఒక పని చేయమని నా మనవి. సెలవు పెట్టుకుని ఒంగోలు లేదా నెల్లూరు జిల్లా కోర్టులో, దర్యాప్తు అధికారిని డిఫెన్సు న్యాయవాది క్రాస్ ఎగ్జామిన్ చేస్తున్న రోజున వెనక బెంచీ మీద కూర్చోండి. సాధారణంగా విచారణ బహిరంగంగానే జరుగుతుంది. రెండు మూడేళ్ల కిందట రాసిన పంచనామాలోని ఒక్క సమయం గురించి పావుగంట సేపు ప్రశ్నలు అడుగుతుంటే, ఆ అధికారి స్థానంలో ఉండాలని మీకు ఇంకా అనిపిస్తే తయారీ మొదలుపెట్టండి. తుది ఎంపిక జాబితాలో పేరు చూసుకునేదాకా రాజీనామా చేయవద్దు. శిక్షణకు పిలుపు వచ్చేలోపు నోటీసు గడువు సరిపోతుందో లేదో మీ సంస్థలో ముందే కనుక్కుని, రిలీవింగ్ పత్రం తీసుకుని బయటికి రండి. పూర్వాపరాల విచారణ సమయంలో దాన్ని అడగవచ్చు.