ఒకే దీపంతో రాత్రి గది: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అప్పగింతలయ్యాక తండ్రి ఒక్కడే రాత్రి గదిలో కూర్చునే సీను తీస్తున్నాం. ట్యూబ్‌లైటు వేస్తే బ్యాంకు ఆఫీసులా ఉంది. తీసేస్తే బొమ్మంతా చుక్కలు చుక్కలు. గోడలు తెల్లవి. రెండు చిన్న ఎల్ఈడీ ప్యానెళ్లున్నాయి.
– ఓ పాఠకుడు, యూసుఫ్‌గూడ

జవాబు: ట్యూబ్‌లైటు ఆర్పడం సరైన పనే. కానీ దాని చోట ఇంకో లైటు పెట్టకుండా ఐఎస్ఓ (తక్కువ వెలుతురులోనూ బొమ్మని ప్రకాశవంతం చేసే కెమెరా సెట్టింగు) పెంచారు, అందుకే ఆ చుక్కలు. రాత్రి సీనుకి కూడా మొహం మీద తగినంత వెలుతురు పడాలి. అది ఒక పక్క నుంచే పడాలి, అంతే.

ఫ్రేములో కనబడేలా తండ్రి పక్కన ఒక టేబుల్ ల్యాంపు పెట్టండి. 2700 కెల్విన్ పసుపు బల్బు చాలు (కెల్విన్ అంటే వెలుతురు రంగు కొలత: అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం). కెమెరా వైపు షేడ్ లోపల బటర్ పేపర్ అంటిస్తే బల్బు తెల్లగా మాడిపోదు. (ఎల్ఈడీ బల్బుకే ఈ పని చేయండి, ఫిలమెంటు బల్బయితే కాగితం కాలుతుంది.) మొహాన్ని వెలిగించేది మాత్రం ఈ ల్యాంపు కాదు. అదే దిక్కున, ఫ్రేము బయట, మొహానికి మూడడుగుల దూరంలో ఒక ప్యానెల్‌ని 3200 దగ్గర పెట్టండి. ల్యాంపు ఎత్తులోనే ఉండాలి. పైనుంచి కొడితే ఆ వెలుతురు ల్యాంపుదంటే ఎవరూ నమ్మరు.

ఇక తెల్లగోడలు. మీ సీనుని చెడగొడుతున్నది ఎక్కువగా అవే. కుర్చీని గోడకి ఆరడుగుల ముందుకు జరపండి. లైటు నుంచి మొహం మూడడుగుల్లో ఉంటే, గోడ కనీసం దానికి రెట్టింపు దూరంలో ఉంటుంది. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది, గోడ దానంతటదే చీకట్లోకి వెళ్లిపోతుంది. లైటుకి ఎదురు పక్క, ఫ్రేముకి ఆనుకుని నల్ల దుప్పటి వేలాడదీయండి. లేకపోతే ఆ పక్క గోడ మీద పడ్డ వెలుతురు తిరిగొచ్చి రెండో చెంపని కూడా తెల్లగా చేసేస్తుంది.

రెండో ప్యానెల్ 5600లో, బాగా తగ్గించి, కిటికీ బయటి నుంచి. కెమెరా వైట్ బ్యాలెన్స్ (ఏ రంగు వెలుతురుని తెల్లగా చూపాలో చెప్పే సెట్టింగు) 3200లో ఉంటే అది లేత నీలంగా వస్తుంది. నీలం ఎక్కువైతే వెన్నెల కాదు, దెయ్యం సినిమా అవుతుంది, జాగ్రత్త.

తండ్రికి తెల్లచొక్కా వద్దు, వెలిసిన బూడిదరంగుది వేయండి. గదిలో గట్టి రంగు ఒక్కటే ఉండనివ్వండి: ల్యాంపు కింద పళ్లెంలో మిగిలిన పసుపు ముద్ద. అంచుల్లో ఎండి పగుళ్లిచ్చి ఉండాలి. చూసేవాడి కన్ను మొహం నుంచి పళ్లెం మీదకి, మళ్లీ మొహం మీదకి తిరుగుతుంది. ఇంకో మూలన ఎర్ర బకెట్ ఉందంటే ఆ తిరుగుడు పోయినట్టే.

ప్రశ్న: కరెంటు పోయిన సీనులో లాంతరు పెట్టాం. ఫోన్ కెమెరాలో మంట తెల్లముద్దలా వచ్చింది, మొహాలు కనబడలేదు. కరెంటు వచ్చాక తీసిన షాట్‌లో నల్లచారలు కదులుతున్నాయి.
– ఓ పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఎక్స్‌పోజర్‌ని (కెమెరా తీసుకునే వెలుతురుని) మంటకి తగ్గట్టు లాక్ చేయండి. చిమ్నీకి కెమెరా వైపు కొంచెం మసి పట్టనిస్తే మంట ఇంకా అణుగుతుంది. మొహాలకి వేరే చిన్న లైటు కావాలి. దాన్ని లాంతరు దిక్కు నుంచి, కింద నుంచి పట్టుకుని, దాని ముందు వేళ్లు మెల్లగా కదిలిస్తే మంట రెపరెపలాడినట్టుంటుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ తీసేసి 3200 పెట్టండి. దీపం వెలుతురు దాదాపు 1900 కెల్విన్ కాబట్టి ఆ నారింజ ఛాయ నిలుస్తుంది. ఆటోలో ఉంటే ఫోన్ దాన్ని తెల్లగా దిద్దేస్తుంది.

చారలకి కారణం మన 50 హెర్ట్జ్ కరెంటు. బల్బు సెకనుకి 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతుంటుంది. షట్టర్‌ని (ఒక్కో బొమ్మకి వెలుతురు పడే సమయాన్ని) 1/50 లేదా 1/100 సెకనుకి కట్టేయండి. అప్పటికీ చారలుంటే తప్పు బల్బుదో, వెలుగు తగ్గించే డిమ్మర్‌దో. డిమ్మర్ తీసేసి చూడండి, లేదా వేరే బల్బు మార్చండి. ఇది షూటింగు ముందురోజే చూసుకోవాలి.

ప్రశ్న: 1985 నాటి ఇల్లు చూపించాలి. వస్తువులెక్కడ దొరుకుతాయి?
– ఓ పాఠకుడు, అంబర్‌పేట

జవాబు: హైదరాబాద్‌లో గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత. చెక్కబోర్డు మీద గుండ్రటి నల్ల స్విచ్చులు ముందు వెతకండి, పాతకాలాన్ని అవే ఎక్కువ నమ్మిస్తాయి. 2019 క్యాలెండర్‌లో తేదీలూ వారాలూ 1985వే, సంవత్సరం అంకె మార్చి అచ్చు వేయించుకోవచ్చు. తిథులు, పండగలు మాత్రం కలవవు, క్లోజప్‌లో చూపకండి. కొత్త స్టీలు గిన్నెలు లైటు కొట్టి మెరుస్తుంటే తడి సబ్బు పల్చగా రాసి ఆరనివ్వండి.