చిన్న గొడవ హత్య దాకా ఎందుకెళ్తుంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా వీధిలో రెండు వేల అప్పు దగ్గర మొదలైన గొడవలో ఒకతను చనిపోయాడండీ. పొడిచినతను కూడా మాకు చిన్నప్పట్నుంచీ తెలుసు, అన్నా అని పిలిచేవాళ్ళం. పేదరికం వల్లే ఇవన్నీ అని నాన్న అంటారు, కాలం చెడిపోయింది అని అమ్మ. అసలు కారణం ఏంటి?
(ఒక డిగ్రీ విద్యార్థిని, కర్నూలు జిల్లా)

జవాబు: అమ్మా, నీ ఉత్తరం చదివాక చాలాసేపు వేరే పని చెయ్యబుద్ధి కాలేదు. ముందు నాన్నగారి మాట చూద్దాం. జ్యాఁ ద్రెజ్, రీతికా ఖేరా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1981 లెక్కలు తీసుకుని మన దేశంలో జిల్లాల వారీగా హత్యల రేటు పోల్చారు, పేదరికానికీ హత్యలకీ చెప్పుకోదగ్గ సంబంధం కనపళ్ళేదు, పట్నమా పల్లెటూరా అన్నదానికీ లేదు. చదువు ఎక్కువున్న జిల్లాల్లో హత్యలు తక్కువ. అన్నిటికంటే గట్టిగా తేలింది మాత్రం, మగవాళ్ళతో పోలిస్తే ఆడవాళ్ళ సంఖ్య తక్కువున్న జిల్లాల్లో హత్యలు ఎక్కువని. ఆడపిల్ల వద్దనుకునే ఇళ్ళూ, ప్రతిదీ బలంతోనే తేల్చుకోవాలనుకునే మగతనమూ ఒకే వేరు నుంచి పుడతాయి అన్నది దీనికి ఒక వివరణ, నాకైతే అది సరైందే అనిపిస్తుంది.

ఇక అమ్మ మాట. 2022లో దేశం మొత్తం మీద 28,522 హత్య కేసులు, అంటే లక్ష మందికి 2.1. 1990ల మొదట్లో ఈ రేటు ఇప్పటికంటే చాలా ఎక్కువ, కాబట్టి కాలం చెడిపోయిందనలేం. ఆ కేసుల్లో 9,962 వట్టి తగాదాలు, పాత కక్షలు 3,761, డబ్బో లాభమో ఆశించి చేసినవి 1,884. అంటే గట్టు తగాదా, గోడ తగాదా, బాకీ తగాదా, మీ వీధిలో జరిగినట్టే, తెలిసినవాళ్ళ మధ్యే.

మరి తగాదాలు అందరికీ ఉంటాయి కదా, కొన్నే హత్యలెందుకవుతాయి? కొలంబియాలోని కాలీ నగరంలో దీనికి జవాబు వెతికినాయన ఒక డాక్టరు. 1992లో అక్కడ మేయరైన రోడ్రిగో గెరేరో అంటువ్యాధుల లెక్కలు చదువుకున్న మనిషి. అందరూ డ్రగ్స్ ముఠాల పనే అంటుంటే ఆయన మాత్రం కలరా వచ్చినప్పుడు ఏ బావి నీళ్ళు తాగారు అని వెతికినట్టు, ప్రతి హత్యా ఏ రోజు, ఏ గంటకి, ఎక్కడ, తాగున్నారా లేదా అన్నీ రాయించాడు. శని ఆదివారాలు, పండగలు, జీతాలు పడ్డ శుక్రవారాలు, మందు, చేతిలో తుపాకీ, ఇవే మళ్ళీ మళ్ళీ తేలాయి. దాంతో అలాంటి రోజుల్లో లైసెన్స్ ఉన్నా సరే తుపాకీ బయటికి తేకూడదన్నారు, మందు అమ్మే టైం తగ్గించారు. తుపాకీ నిషేధం ఉన్న రోజుల్లో మిగతా రోజులకంటే హత్యలు 14 శాతం తక్కువ అని తర్వాత లెక్క తేల్చారు, ఆ దేశ రాజధాని బొగోటాలో కూడా ఇలాంటి నిషేధమే పెడితే 13 శాతం. మనుషులు అదే మనుషులు, వాళ్ళ కోపాలూ అవే.

మీ వీధిలో ఆ రాత్రి మందు ఉందా, కత్తి ఎలా చేతికొచ్చింది, చుట్టూ ఉన్నవాళ్ళు విడదీశారా లేక నిలబడిపోయారా, నువ్వు రాయలేదు. నాన్నతో మాట్లాడేటప్పుడు అవి అడిగి చూడమ్మా.

ప్రశ్న: ఎండలు ముదిరితే హత్యలు పెరుగుతాయంటారు, నిజమేనా?
(ఒక టీచరు, రామగుండం)

జవాబు: కొంత నిజమే మాస్టారూ. వేడికి చిరాకు పెరుగుతుంది, జనం రాత్రిళ్ళు బయటే ఉంటారు, అమెరికా నగరాల్లో వేసవిలో కాల్పులు ఎక్కువని ఏళ్ళ తరబడి చూస్తున్నారు. కానీ ఏడాదంతా ఉక్కపోతే ఉండే సింగపూర్‌లో హత్యల రేటు లక్షకి ఒకటి కూడా ఉండదు, కాబట్టి ఎండ ఒక్కదాని మీద నెట్టెయ్యలేం.

ప్రశ్న: మా కాలనీ చివర ఖాళీ ప్లాటు, ముళ్ళ కంపలు, పక్కనే బెల్టు షాపు, అర్ధరాత్రి దాకా గొడవలే. సీసీ కెమెరా పెడితే చాలంటున్నారు. చాలా?
(కాలనీ సంఘం సభ్యుడు, వరంగల్)

జవాబు: కెమెరా పెట్టుకోండి, వద్దనను, కానీ ముందు ఆ షాపు సంగతి చూడండి. బ్రెజిల్‌లో సావో పాలో పక్కన డియాడెమా అనే ఊళ్ళో హత్యల్లో ఎక్కువ భాగం రాత్రి 11 నుంచి పొద్దున 6 లోపే జరిగేవి. 2002 జూలై నుంచి ఆ టైంలో బార్లు మూసెయ్యాలని చట్టం తెచ్చి గట్టిగా అమలు చేశారు, నెలకి దాదాపు 9 హత్యలు తగ్గాయని అంచనా, ఆ సైజు ఊరికి అదెంత పెద్ద సంఖ్యో చూడండి. మన దగ్గర బెల్టు షాపుకి అసలు లైసెన్సే ఉండదు కాబట్టి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఎక్సైజ్ వాళ్ళకి కాలనీ అంతా కలిసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ప్లాటు సంగతికొస్తే, అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 541 ఖాళీ జాగాలతో ఒక ప్రయోగం చేశారు. లాటరీ తీసినట్టు కొన్నిటిని ఎంచుకుని, చెత్త ఎత్తి నేల చదును చేసి గడ్డి వేశారు, నాలుగు చెట్లు నాటారు, తర్వాత కూడా శుభ్రం చేస్తూ వచ్చారు. బాగా పేద పేటల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గింది. చుట్టూ వేసింది కూడా నడుం ఎత్తు దాటని చెక్క కంచె, జనం లోపలికి వచ్చి కూర్చోడానికి మధ్యలో దారులు వదిలారు.