తేలికైన బండికి గట్టి స్ప్రింగులు ఎందుకు?

ప్రశ్న: ఇంగ్లండులో చాలా ఏళ్లు ఉద్యోగం చేసి తిరిగివచ్చిన మా మేనమామ తనతో తెచ్చుకున్న 1992 నాటి మాజ్డా ఎమ్‌ఎక్స్-5 ఇప్పుడు నాకు ఇచ్చారు. రెండు సీట్ల బండి, 1.6 లీటర్ల ఇంజను. స్పీడ్ బ్రేకరు దిగినప్పుడల్లా వెనుక టక్కుమంటోంది. వేగం 80 దాటితే తేలిపోతున్నట్టు ఉంటోంది. రెండు షాక్ అబ్జార్బర్ల నుంచి నూనె కారుతోంది. బండిని 40 మిల్లీమీటర్లు కిందికి దించే గట్టి స్ప్రింగుల సెట్టు, చక్రాలను పట్టుకునే కడ్డీల కీళ్లలో రబ్బరుకు బదులు పాలీయురిథేన్ (గట్టి ప్లాస్టిక్ లాంటిది) బుష్‌లు, 17 అంగుళాల చక్రాలు వేయించమని స్నేహితులు చెబుతున్నారు. నేను వారానికోసారి కరీంనగర్ వెళ్తాను, ఆదివారాలు మా ఆవిడతో రామప్ప వైపు వెళ్తాను. రేసులకు వెళ్లే ఉద్దేశం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ ఉత్తరం సగం చదివేసరికి, పాత స్ప్రింగులను ఈపాటికే ఇనుప సామాను వాళ్లకు అమ్మేశారేమోనని భయం వేసింది. అమ్మకండి. బహుశా ఆ బండిలో ఇప్పటికీ బాగున్నవి అవే.

మన వైపు మాజ్డా అంటే స్వరాజ్ మాజ్డా వ్యానే గుర్తుకు వస్తుంది. అదే జపాను కంపెనీ 1989లో లోకానికి చూపిన చిన్న కారు మీది. బరువు వెయ్యి కిలోల లోపే. దాన్ని తయారు చేసినవాళ్లు ‘జిన్‌బా ఇత్తై’ అనే మాటను ముందు పెట్టుకున్నారు. గుర్రం, రౌతు ఒక్కటైపోవాలని దాని భావం. రౌతు కొద్దీ గుర్రం అని మనమూ అంటాం కదా. ఆ గుర్రానికి నాలుగు కాళ్ల దగ్గరా చక్రాన్ని బండికి కలిపే విష్‌బోన్ ఆర్ములు (రెండుగా చీలిన కడ్డీలు) పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. చక్రం గుంతలో దిగినా, మలుపులో బండి ఒరిగినా టైరు నేలను సరిగ్గా పట్టుకునేలా వాటి పొడవులు, కోణాలు కుదిర్చారు. 40 మిల్లీమీటర్లు దించితే ఆ లెక్క చెదురుతుంది. పైగా చక్రం పైకి లేవడానికి ఉన్న కొద్దిపాటి చోటులోనే 40 మిల్లీమీటర్లు పోగొట్టుకుంటారు.

గట్టి స్ప్రింగు సంగతి లెక్కతోనే చెబుతాను. ఒక్కో చక్రం మీద మోసే బరువు 210 కిలోలు అనుకుందాం. ఒక మిల్లీమీటరు కుంగడానికి 2 కిలోలు కావలసిన స్ప్రింగైతే ఆ బరువుకు 105 మిల్లీమీటర్లు కుంగుతుంది, బండి సెకనుకు సుమారు ఒకటిన్నర సార్లు ఊగుతుంది. నడుముకు సుఖమైన ఊపు అది. మిల్లీమీటరుకు 5 కిలోలు అడిగే స్ప్రింగు వేస్తే కుంగేది 42 మిల్లీమీటర్లే, ఊపు సెకనుకు రెండున్నర సార్లకు చేరుతుంది. నున్నటి రేసు ట్రాకు మీద అది పనికొస్తుంది. గ్రానైట్ లారీలు తిరిగే కరీంనగర్ దారిలో మాత్రం టైరు గతుకు గతుక్కీ గాలిలోకి లేస్తుంది. గాలిలో ఉన్న టైరుకు బ్రేకూ పట్టదు, స్టీరింగూ వినదు. 17 అంగుళాల చక్రాలకూ ఇదే మాట. బండి ఎంత తేలికో, చక్రం దగ్గర పెరిగిన ప్రతి కిలో అంత బరువుగా తెలుస్తుంది. మీ బండికి మొదట ఇచ్చిన 14 అంగుళాల చక్రం, 185/60 టైరు చాలు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అంత వెడల్పుగా వాలుగా ఉన్నదాన్ని మన కాలనీల్లో ఎన్నిచోట్ల చూశారు? గోడలా నిలబెట్టిన వాటి మీదికి, దించిన బండితో, పక్కన ఇల్లాలిని కూర్చోబెట్టుకుని వెళ్లమని నేను చెప్పలేను.

అయితే ఏం మార్చాలి? షాక్ అబ్జార్బర్లు నాలుగూ మార్చండి. రెండే కారుతున్నాయని రెండే మార్చవద్దు, మిగతా రెండూ అంతే వయసువి. పాత స్ప్రింగుతో జోడీ కుదిరేవి, రోడ్డు కోసం చేసినవి తెప్పించండి. బిల్‌స్టీన్, కోనీ లాంటి కంపెనీలు ఈ బండికి తయారు చేస్తాయి. వాటితోపాటే పైన ఉండే రబ్బరు మౌంటులు, చక్రం మరీ పైకి లేచినప్పుడు దెబ్బ ఆపే బంప్ స్టాపులు కూడా కొనండి. బంప్ స్టాపును చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఈ బండిలో చక్రం కదలడానికి చోటు తక్కువ కాబట్టి, ఆ స్పాంజి ముక్క చివర్లో రెండో స్ప్రింగులా పని చేస్తుంది. పాతబడితే అది పొడిపొడిగా రాలిపోతుంది. మీకు వినిపించే ఆ టక్కు అక్కడినుంచే వస్తూ ఉండవచ్చు, ముందు అది చూడండి.

ఇక బుష్‌లు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక మారుతి జెన్‌కు లోయర్ ఆర్మ్ బుష్‌లు వేశాను. బండిని జాకీ మీద లేపి, చక్రాలు వేలాడుతుండగానే బోల్టులన్నీ బిగించాను. నాలుగు నెలలకే రెండూ చిరిగిపోయి ఆ బండి మళ్లీ వచ్చింది. మా మేస్త్రీ తిట్టలేదు. చిరిగిన బుష్‌ను నా చేతిలో పెట్టి ఆలోచించమన్నాడు. రబ్బరు బుష్ లోపలి గొట్టాన్ని బోల్టు పట్టేస్తుంది, ఆర్మ్ కదిలినప్పుడు రబ్బరు మెలిపడుతుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి నేల మీద ఊరికే నిలబడినా ఆ రబ్బరు మెలితిరిగే ఉంటుంది. అందుకే బోల్టులు వదులుగా పెట్టి, బండిని ర్యాంపు మీద చక్రాల మీదే నిలిపి, నాలుగుసార్లు ఊపి, అప్పుడు బిగువు కొలిచే టార్క్ రెంచితో బిగించాలి. మీ మెకానిక్ దగ్గర నిలబడి ఈ ఒక్క పని మీ కళ్లతో చూడండి. పాలీయురిథేన్ బుష్ మెలిపడదు, గొట్టం మీద తిరుగుతుంది. గ్రీజు ఆరితే కిర్రుమంటుంది, గతుకును నేరుగా సీటుకు పంపుతుంది. మీ వాడకానికి రబ్బరే మేలు.

మీ బండి ఇంగ్లండు నుంచి వచ్చింది కనుక ఇంకొక మాట. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. కింది ఆర్ములకు అలైన్‌మెంట్ సరిచేసే క్యామ్ బోల్టులు ఉంటాయి. అవి బుష్ గొట్టంలోనే తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. సుత్తితో బాదితే బ్రాకెట్ వంగుతుంది. వారం ముందునుంచే తుప్పు వదిలించే నూనె రోజూ కొట్టించండి. అయినా రాకపోతే కోసి తీయాల్సిందే, కాబట్టి కొత్త బోల్టులు ముందే తెప్పించి పెట్టుకోండి.

స్ప్రింగును షాక్ అబ్జార్బర్ నుంచి విడదీసేటప్పుడు దాన్ని అణిచిపట్టే స్ప్రింగ్ కంప్రెసర్ పనిముట్టే వాడాలి. తీగతో కట్టి పని కానిచ్చే చోట బండి ఇవ్వకండి. అలా కట్టిన స్ప్రింగు ఎగిరి పైకప్పు రేకును చీల్చడం నేను చూశాను. ఆ దారిలో మనిషి తల ఉంటే ఏమయ్యేదో!

చివరగా వీల్ అలైన్‌మెంట్. ఇంత తేలికైన బండిలో మనిషి బరువు కూడా కొలతను మారుస్తుంది. డ్రైవరు సీటులో మీ బరువుకు సరిపడా ఇసుక బస్తా పెట్టించి కొలతలు తీయించండి. 500 కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మరోసారి చూపించి, అలైన్‌మెంట్ మళ్లీ కొలిపించండి.

ప్రశ్న: నా మారుతి 800కు అలైన్‌మెంట్ చేయించాక కూడా స్టీరింగు వదిలితే మెల్లగా ఎడమకు పోతోంది. పని సరిగా చేయలేదంటారా?
– ఒక పాఠకురాలు, హుజూరాబాద్

జవాబు: వాళ్లను ఇప్పుడే తప్పుపట్టకండి అమ్మా. వాన నీరు పోవడానికి రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. మనం నడిపేది ఎడమ వైపు కాబట్టి బండి కాస్త ఎడమకు జరగడం సహజం. నాలుగు టైర్లలో గాలి సరిచూసి, వాలు లేని ఖాళీ మైదానంలో నడిపి చూడండి. అక్కడా లాగితే ముందు టైర్లు రెండూ అటుదిటు మార్పించండి. లాగుడు కుడికి మారిందంటే లోపం టైరులో ఉంది. మారకపోతే, బ్రేకు పట్టేసి ఆ వైపు చక్రం వేడెక్కుతోందేమో చూపించండి.