పాట ఎన్నాళ్లు పాడతావని అడిగేవాళ్లకి

చిరంజీవి అమ్మలుకి,
పెద్దమ్మ ఆశీస్సులు.

బ్యాండ్‌లో రాక్ అండ్ రోల్ పాడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. "పెళ్లయ్యాక ఎవరు పాడనిస్తారు?" అని చుట్టాలు అంటున్నారట. నేను ఆర్కెస్ట్రాల్లో పాడిన రోజుల్లోనూ ఇదే మాట. అందుకే నీకు రాక్ అండ్ రోల్ గాయని వాండా జాక్సన్ సంగతి చెప్పాలి.

1937లో అమెరికాలోని ఓక్లహోమాలో పుట్టింది. హైస్కూల్లో ఉండగానే రేడియోలో ఆమె పాట విని కంట్రీ గాయకుడు హ్యాంక్ థాంప్సన్ పిలిపించుకున్నాడు. కంట్రీ పాటలు, అంటే అక్కడి పల్లె బాణీ పాటలు పాడుకునే ఆ పిల్లని రాక్ అండ్ రోల్ పాడమని వెంటపడింది, 1955లో తనతో కలిసి ప్రోగ్రాములు చేసిన ఎల్విస్ ప్రెస్లీ. స్టేజీ బట్టలు వాళ్లమ్మే కుట్టేది. నాష్‌విల్‌లో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే పేరున్న కంట్రీ పాటల ప్రోగ్రాంకి వెళ్తే, భుజాలు కనబడుతున్నాయి, కప్పుకోమన్నారు. కుచ్చుల జాకెట్టు పైన వేసుకుని పాడేసి వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ గడప తొక్కలేదు. నువ్వూ అంతే చెయ్యి. ఒప్పుకున్న ప్రోగ్రాం మధ్యలో వదలకు. మళ్లీ వెళ్లాలా వద్దా అన్నది ఇంటికొచ్చాక ఆలోచించుకో.

ఆడని పాటని నీ పాటల పుస్తకంలోంచి కొట్టెయ్యకు. అమెరికాలో ఎవరూ పట్టించుకోని ఆమె పాట ఒకటి జపాన్‌లో ఊపేసింది, 1959లో అక్కడ టూర్ కూడా చేసింది. "లెట్స్ హావ్ ఎ పార్టీ" అనే ఇంకో పాట ఆల్బంలో పడి ఉండి, 1960లో విడిగా వచ్చాక హిట్టయింది.

చుట్టాలకి చెప్పాల్సింది ఇది. 1961లో పెళ్లి చేసుకున్న వెండెల్ గుడ్‌మన్ తన ఉద్యోగం మానేసి ఆమె మేనేజర్ అయ్యాడు. 2017లో చనిపోయేదాకా అదే పని చూసుకున్నాడు. నీకూ డబ్బు మాటలు మాట్లాడే నమ్మకమైన మనిషి ఒకరు ఉండాలి. స్టేజీ ఎక్కే ముందు బేరాలాడితే ఆ టెన్షన్ గొంతులో వినిపిస్తుంది.

గొంతు మాట కొస్తే, ఆమెది గరగరలాడే గొంతు, చివర్లో ఒక ఉరుము. దాన్ని అనుకరించాలని గొంతు నొక్కి అరవకు, నాలుగు ప్రోగ్రాములకే బొంగురుపోతుంది. ఊపిరి పొట్టలోంచి రావాలి. తెల్లవారుజామున మంద్రంలో సాధన చెయ్యి. వయసు వచ్చాక శ్రుతి దించుకోవడానికి సిగ్గుపడకు. 1970ల్లో ఆమె భక్తిపాటలకి వెళ్లింది, తర్వాత యూరప్ కుర్రకారు పిలిస్తే మళ్లీ రాక్ పాడింది. రాక్ గాయకుడు జాక్ వైట్‌తో ఆల్బం చేసి 2011లో విడుదల చేసేనాటికి డెబ్బై మూడేళ్లు. స్టేజీ మానేసింది 2019లో!

వచ్చే ప్రోగ్రాం రికార్డింగ్ నాకు పంపు. మానిటర్ స్పీకర్ నీ వైపు తిప్పించుకో. నీ గొంతు నీకు వినబడకపోతే తెలియకుండానే అరిచేస్తావు.

మీ పెద్దమ్మ