గోకర్ణ ట్రిప్, గోమార్ల భయం

ప్రశ్న: జనవరిలో మిత్రులతో గోకర్ణ వెళ్తున్నాం. బీచ్‌ల మధ్య కొండదారుల్లో నడవాలని, పక్షుల ఫొటోలు తీయాలని ప్లాన్. అక్కడ గోమార్లు కుడితే ప్రాణాంతక జ్వరం వస్తుందట, నిజమేనా? ఒకటే టెన్షన్.
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: నిజమే, కానీ ట్రిప్ మానుకోవాల్సినంత కాదు. అది క్యాసనూరు అటవీ జ్వరం. 1957లో శివమొగ్గ జిల్లాలో బయటపడింది. గోకర్ణ ఉన్న ఉత్తర కన్నడ జిల్లాలోనూ కేసులు వస్తుంటాయి. దాదాపు నవంబరు నుంచి మే దాకా దాని సీజన్, అంటే మీరు సరిగ్గా మధ్యలో వెళ్తున్నారు.

ఇసుకలో భయం లేదు. రాలిన ఆకుల్లో, పొదల్లో ఉండే పిల్ల గోమార్లతోనే చిక్కు. మా పాకాల వైపు బర్రెల చెవులకు పట్టే లావుపాటి వాటికి అలవాటైన కళ్లకు ఇవి ఆనవు. ప్యాంటు అంచులు సాక్సుల్లో దోపుకోండి (ఫొటోల్లో బాగోదని మా అబ్బాయి గొణుగుతాడు, గొణగనీ). ఈ జ్వరం కోతులకూ సోకుతుంది, అందుకే చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి పోకండి, అటవీ సిబ్బందికి చెప్పండి.

గోమారు కరుచుకుంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నెమ్మదిగా, తిన్నగా లాగాలి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం మన ఊళ్లలో చూస్తుంటాం, అవేవీ వద్దు. తిరిగొచ్చాక రెండు వారాల్లోపు హఠాత్తుగా జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తే డాక్టరుకు ముందు గోకర్ణ సంగతి చెప్పండి. లేకపోతే వరంగల్‌లో ఎవరికైనా మొదట గుర్తొచ్చేది డెంగీయే.