తగ్గిపోయిందని ఊరుకోవద్దు

ప్రశ్న: మా నాన్నగారి వయసు 64. చాలా ఏళ్లుగా బీపీ, షుగరు ఉన్నాయి, సిగరెట్టు మానలేదు. పోయిన ఆదివారం పేపరు చదువుతుండగా ఆయన ఎడమ కంటికి పైనుంచి నల్లటి తెర దించినట్లయి, అయిదు నిమిషాల్లో చూపు మళ్లీ మామూలైంది. కంటి డాక్టరుగారు కంటిలో లోపమేమీ లేదంటూ మెడకు డాప్లర్ స్కాన్ తీయించమన్నారు. మెడలో ఎడమవైపు రక్తనాళం 75 శాతం, కుడివైపుది 40 శాతం పూడుకుపోయాయని అందులో వచ్చింది. వెంటనే ఆపరేషన్ చేయించాలని న్యూరాలజిస్టు అంటుంటే, మనిషి దుక్కలా ఉన్నాడు కదా, పండగ వెళ్లాక చూద్దామని మా పెద్దలంటున్నారు. కంటికి వచ్చిన బాధకు మెడ కోయించడమేమిటి? మందులు సరిపోవా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చూపు అయిదు నిమిషాల్లో తిరిగి వచ్చిందన్న మాటను మీ పెద్దలు ధైర్యానికి ఆధారంగా తీసుకుంటున్నారు, కానీ వైద్యులు తొందరపడుతున్నది కూడా ఆ మాట వల్లనే.

గొంతుముడికి పక్కన వేలు ఆనిస్తే కొట్టుకుంటూ తెలిసే పెద్ద రక్తనాళాన్ని కెరోటిడ్ ధమని అంటారు. అది ఇంచుమించు అక్కడే రెండుగా చీలి, ఒక పాయ ముఖానికి, తలపై చర్మానికి, రెండోది మెదడుకు రక్తాన్ని తీసుకువెళతాయి. మెదడుకు వెళ్లే పాయలోంచే, పుర్రె లోపలికి చేరిన తరువాత, కంటికి రక్తమిచ్చే కొమ్మ చీలుతుంది. మీ ప్రాంతంలో కాలువ రెండుగా చీలేచోట నీటి ఒరవడి మారి ఒండ్రు మేట వేయడం చూసే ఉంటారు. ఈ ధమని చీలికలోనూ అలాగే ఏళ్ల తరబడి కొవ్వు, సున్నం పేరుకుంటాయి. బీపీ, షుగరు, పొగ ఆ పనిని త్వరపెడతాయి.

నాళం సన్నబడి మెదడుకు రక్తం చాలక పక్షవాతం వస్తుందని చాలామంది అనుకుంటారు. అలా జరగడం తక్కువే. మెదడుకు రక్తం మెడ ముందువైపు రెండు, వెనకవైపు రెండు ధమనుల ద్వారా వస్తుంది, ఆ నాలుగూ మెదడు అడుగున ఒక వలయంగా కలుస్తాయి కనుక ఒకటి మెల్లగా మూసుకుపోయినా మిగిలినవి కొంతవరకు ఆదుకుంటాయి. అసలు ప్రమాదం ఆ పూడిక పైపొర చిట్లడంలో ఉంది. చిట్లినచోట రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డలోంచి చిన్న తునక విడివడి ప్రవాహంలో పైకి కొట్టుకుపోతుంది. మీ నాన్నగారి విషయంలో అది కంటి కొమ్మలో చిక్కుకుని, అదృష్టవశాత్తు కరిగిపోయి ఉండాలి. తరువాతి తునక మెదడులోకి వెళితే, ఎడమ మెదడు కనుక కుడి చెయ్యి, కాలు పడిపోవచ్చు, మాట కూడా పోవచ్చు.

ఇలా వచ్చి పోయే లక్షణాల తరువాత మొదటి కొద్ది రోజులు, వారాలే అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. లక్షణాలు కనిపించి, పూడిక 70 శాతం దాటినవారిపై ఉత్తర అమెరికాలో జరిపిన అధ్యయనం ఫలితాలు 1991లో వెలువడ్డాయి. అందులో మందులే వాడినవారిలో నూటికి 26 మందికి, ఆపరేషన్ చేయించుకున్నవారిలో 9 మందికి రెండేళ్లలో ఆ వైపు మెదడుకు స్ట్రోక్ వచ్చింది. అప్పటికన్నా ఇప్పటి మందులు మెరుగైనవి, పైగా లక్షణం కంటికే పరిమితమైనవారికి ముప్పు కొంత తక్కువ. ఈ రెండూ ఒప్పుకోవలసినవే అయినా, మీ నాన్నగారి పరిస్థితిలో నేను ఆపరేషన్ వైపే మొగ్గుతాను. దాని ప్రయోజనం లక్షణం వచ్చిన రెండు వారాల లోపు చేస్తేనే ఎక్కువగా ఉంటుంది, ఆలస్యమయ్యేకొద్దీ తగ్గిపోతుంది. పండగ దాకా ఆగడం అందుకే తగదు.

ఆపరేషన్‌లో నాళాన్ని తెరిచి పూడికను ఒలిచి తీసివేస్తారు. ఆపరేషన్ వల్లనే స్ట్రోక్ వచ్చే అవకాశం కొద్దిగా ఉంటుంది. ఇలాంటి రోగుల్లో స్ట్రోక్, మరణం రెండూ కలిపి నూటికి ఆరుకు మించకూడదన్నది వైద్యుల ప్రమాణం, కాబట్టి మీ సర్జన్‌గారి ఫలితాలు ఎలా ఉన్నాయో మొహమాటపడకుండా అడగండి. గజ్జల్లోంచి తీగ పంపి స్టెంటు వేసే పద్ధతి కూడా ఉంది. గుండె బలహీనంగా ఉన్నవారికి, మెడకు రేడియేషన్ తీసుకున్నవారికి దానిని ఆలోచిస్తారు, 70 దాటినవారిలో మాత్రం దానితో స్ట్రోక్ ముప్పు ఆపరేషన్‌కన్నా ఎక్కువ. కుడివైపు 40 శాతానికి కోత అక్కర్లేదు, మందులు చాలు. పూర్తిగా మూసుకుపోయిన నాళాన్ని కూడా సాధారణంగా తెరవరు, ఎందుకంటే ప్రవాహమే లేనిచోట నుంచి తునకలు పైకి వెళ్లే అవకాశం తక్కువ.

సర్జన్ శుభ్రం చేసేది ఒక్క చోటును, జబ్బు మాత్రం గుండె నాళాలతో సహా ఒళ్లంతా ఉంటుంది. కాబట్టి ఆపరేషన్ అయినా ఆస్పిరిన్, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్, బీపీ మందులు ఆగవు, సిగరెట్టు ఆగాలి. క్షవరం చేయించుకున్నాక మెడ విరిపించుకునే అలవాటు ఆయనకు ఉంటే అది కూడా మాన్పించండి.

ఈలోగా మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు మందుల కోసం తిరగకుండా 108కి ఫోన్ చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. లక్షణం ఎన్నింటికి మొదలైందో గడియారం చూసి రాసిపెట్టుకోండి, ఆసుపత్రిలో మొదట అడిగేది అదే.

ప్రశ్న: నా వయసు 52. మంచం మీద పక్కకు తిరిగితే కొద్ది క్షణాలు తల గిర్రున తిరుగుతోంది. మెడకు డాప్లర్ తీయించుకోవాలా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: అక్కర్లేదనిపిస్తోంది. మెడ ముందువైపు నాళాల పూడిక వల్ల ఒట్టి తల తిరగడం రావడం చాలా అరుదు. మీరు చెప్పినది లోచెవిలోని సన్నని స్ఫటికాలు చోటు తప్పినప్పుడు వచ్చే బాధలా ఉంది. చెవి డాక్టరుకు చూపించండి, తలను ఒక పద్ధతిలో తిప్పి సరిచేస్తారు. తల తిరగడంతోపాటు మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం ఉంటే మాత్రం అది వేరే సంగతి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.