పెద్ద కంపెనీయా, మూడు బండ్ల ఓనరా: బండి ఆగిన రోజు లెక్క తేల్చుకుని చేరు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. జగ్గయ్యపేట వైపు టిప్పర్ మీద మూడేళ్లు చేశావు. హెవీ లైసెన్సు ఉంది, ఇక దూరప్రయాణాల లారీ, అదే లైను బండి, ఎక్కుదామనుకుంటున్నావు. మేనమామ వరసయ్యే ఆయనకు మూడు పన్నెండు టైర్ల బండ్లున్నాయి, వచ్చెయ్యమంటున్నాడు. హైదరాబాద్‌లో వందల కంటైనర్లు తిప్పే కంపెనీ ఒకటి నెలకు 24,000, పైన పీఎఫ్ అంటోంది. ఇంట్లో చంటిపాప ఉంది. ఎటు వెళ్లాలి అని.

నేను రెండు చోట్లా చేశాను. ముందు కైకలూరు నుంచి హౌరాకు చేపల బండి, చిన్న ఓనర్ల దగ్గర. తర్వాత పెద్ద కంపెనీలో హైదరాబాద్ నుంచి పుణే, ముంబై పక్కనున్న భివండీ కంటైనర్ లైను. ఇప్పుడు మళ్లీ నాలుగు బండ్లున్న ఓనర్ దగ్గర ఉన్నాను. నా మాట ఒక్కటే: ఎన్ని బండ్లున్నాయని చూసి చేరకు, జీతం అంకె చూసి అసలే చేరకు. బండి కదలని రోజు డ్రైవర్ కడుపు ఎవరు నింపుతారో తేల్చుకుని చేరు. బండి తిరుగుతున్నన్నాళ్లూ అందరు ఓనర్లూ మంచివాళ్లుగానే కనిపిస్తారు.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, లైను మీద డ్రైవర్ బతుకులో సగం ఆగి ఉండటమే. భివండీ గోడౌన్ల ముందు చూడాలి నువ్వు. గేటు దగ్గర టోకెన్ తీసుకుని బండి వరసలో పెడతావు. ముందు బండికీ నీ బండికీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు. ఆ సందులోనే చిన్న సిలిండర్ స్టవ్ మీద అన్నం ఉడకాలి, వానొస్తే క్యాబిన్‌లో ఉడకాలి. కాలకృత్యాలకు దాబా హోటల్ దాకా నడవాలి, వెళ్లొచ్చేలోపు నంబర్ పిలుస్తారేమోనని గుండెల్లో పీకులాట. పండగల సీజన్‌లో ఇలా రెండు రోజులు, మూడు రోజులు. గడువు దాటితే బండి ఆగినందుకు సరుకువాళ్లు హాల్టింగ్ డబ్బు కడతారు, కాకపోతే ఆ డబ్బు కంపెనీ ఖాతాలో పడేది. మాకు ఇన్సెంటివ్ కిలోమీటర్ల మీద కాబట్టి ఆ రోజులన్నీ సున్నాయే. జీతం కాగితం మీద బాగానే ఉండేది, నెలాఖరుకు చేతికొచ్చేది మాత్రం గోడౌన్ గేటు దయ మీద ఆధారపడేది.

అలాగని చిన్న ఓనర్లందరూ దేవుళ్లని అనుకోకు. కైకలూరులో నేను చేసిన ఒకాయన చెరువు పట్టుబడి ఆలస్యమై లోడు ఆగితే రోజు బత్తా అడగకుండానే ఇచ్చేవాడు. ఆయన కూడా ఒకప్పుడు స్టీరింగ్ పట్టినవాడే. అక్కడికి పది కిలోమీటర్ల దూరంలో ఇంకో ఓనర్, బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ "బండే తిరగలేదు, బత్తా ఏంటి" అనేవాడు. ఇద్దరివీ మూడు బండ్ల వ్యాపారాలే.

ఇక నువ్వు చెప్పిన కంపెనీ సంగతి. అది నిజంగా కంపెనీ ఉద్యోగమేనా అని ముందు చూసుకో. మన దేశంలో లారీల్లో ఎక్కువ భాగం ఒకటి నుంచి ఐదు బండ్లున్న చిన్న ఓనర్లవే. పెద్ద ట్రాన్స్‌పోర్ట్ కంపెనీల్లో చాలావరకు సొంత బండ్లు కొన్ని పెట్టుకుని, మిగతావి అటాచ్‌మెంట్ మీద, అంటే వేరేవాళ్ల బండ్లను తమ పేరుతో, తిప్పుతాయి. కంటైనర్ మీద పేరు కంపెనీది, ఆర్‌సీలో పేరు వేరే ఎవరిదో. నీకు జీతం ఇచ్చేది ఆ ఆర్‌సీలో ఉన్నతనే. అలాంటి బండెక్కితే పెద్ద కంపెనీ రూల్సన్నీ నీ నెత్తిన పడతాయి, పెద్ద కంపెనీ సౌకర్యం ఒక్కటీ అందదు. చూసినవాటిలో ఇదే అన్నిటికంటే అన్యాయం. బండి నంబర్ అడిగి ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కొట్టు. ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉన్నాయో తెలుస్తుంది. ఓనర్ పేరు అందులో పూర్తిగా కనిపించకపోవచ్చు, ఆర్‌సీ చూపించమను. అపాయింట్‌మెంట్ లెటర్ మీద ఎవరి పేరుందో చూడు. లెటర్ ఇవ్వం అంటే అది కంపెనీ ఉద్యోగం కింద లెక్క వెయ్యకు.

లెటర్ కంపెనీ పేరు మీదే ఉందనుకుందాం. అప్పుడు ఆ 24,000ని విడగొట్టి చెప్పమను. అందులో బేసిక్ ఎంత, బత్తా ఎంత, ట్రిప్పు ఇన్సెంటివ్ ఎంత. పీఎఫ్ 12 శాతం నీ వైపు నుంచి, అంతే వాటా కంపెనీ వైపు నుంచి పడాలి. అది ఎంత మొత్తం మీద కడతారో అడుగు. బేసిక్ తక్కువ రాసి మిగతాదంతా అలవెన్సుల్లో చూపించేవాళ్లున్నారు, అలా చేస్తే పీఎఫ్ పేరుకే మిగులుతుంది. 20 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట పీఎఫ్, 10 మంది, అంతకంటే ఎక్కువ ఉంటే ఉద్యోగుల వైద్య బీమా అయిన ఈఎస్‌ఐ వర్తిస్తాయి. ఈఎస్‌ఐకి నెల జీతం 21,000 లోపే ఉండాలి. నీకు పాప ఉంది కాబట్టి ఈ ఒక్క విషయం బాగా పట్టించుకో. ఈఎస్‌ఐ కార్డు ఉంటే సనత్‌నగర్‌లో గానీ, విజయవాడ గుణదలలో గానీ ఇంట్లోవాళ్లందరికీ వైద్యం జరుగుతుంది. చేరాక రెండు నెలలకోసారి ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడు. జీతంలో కోసి ఖాతాలో వెయ్యనివాళ్లు కూడా ఉన్నారు. ఐదేళ్లు పూర్తయితే మానేసేటప్పుడు గ్రాట్యుటీ అని ఒక మొత్తం వస్తుంది. డ్రైవర్లు నాలుగో ఏడాదిలో బండి మారిపోతారు కాబట్టి అది అందుకున్నవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

మేనమామ దగ్గర ఇవేవీ ఉండవు. మూడు బండ్లకు అంతమంది ఉండరు కాబట్టి చట్టం కూడా అడగదు. కానీ ఒకటి మాత్రం ఒక్క బండి ఉన్న ఓనర్‌కైనా తప్పదు. డ్యూటీలో నీకేమైనా అయితే నష్టపరిహారం ఇవ్వాలి. 1923 చట్టం నుంచి ఉన్న హక్కు ఇది, ఇప్పుడు కొత్త సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. బండి ఇన్సూరెన్సు బతికి ఉంటే ఆ డబ్బు ఇన్సూరెన్సు కంపెనీ నుంచే వస్తుంది. అందుకే మామయ్య బండి ఎక్కేముందు ఇన్సూరెన్సు తేదీ చూడు, క్లీనర్‌కు కూడా కవర్ ఉందేమో అడుగు. కిస్తీలు సరిగ్గా కడుతున్నాడా అన్నది కూడా మెల్లగా కనుక్కో. నాలుగైదు కిస్తీలు ఆగిన బండిని ఫైనాన్స్ మనుషులు టోల్‌గేట్ దగ్గర ఆపి తాళాలు లాక్కుంటే, లోడుతో సహా నడిరోడ్డు మీద నిలబడేది డ్రైవరే.

డీజిల్ లెక్క ఎలా కడతారో కూడా అడుగు. పెద్ద కంపెనీల్లో డీజిల్ కార్డు, ట్యాంకులో సెన్సర్, జీపీఎస్ ఉంటాయి. బండికి లీటరుకు ఇన్ని కిలోమీటర్లని ఒక యావరేజ్ రాసిపెడతారు, అంతకంటే ఎక్కువ తాగితే జీతంలో కోత. సాలూరు దాటి కోరాపుట్ ఘాట్ ఎక్కే బండికీ, నాగ్‌పూర్ రోడ్డు మీద చదునుగా పోయే బండికీ ఒకే యావరేజ్ రాసే ఆఫీసులున్నాయి. లోడుకు, ఖాళీకి, ఘాట్‌కు వేర్వేరు యావరేజ్ రాస్తున్నారా అని అడుగు. ఆ ప్రశ్న వినగానే నీకు పని తెలుసని వాళ్లకు అర్థమవుతుంది, మాట తీరు కూడా మారుతుంది.

ఓవర్‌లోడు విషయంలో మాత్రం పెద్ద కంపెనీలే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. బండి బరువు తూచిన కాటా చీటీ లేకుండా బండి గేటు దాటదు. చిన్న ఓనర్ కిరాయి గిట్టక రెండు టన్నులు ఎక్కువ వెయ్యమంటాడు. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకు జరిమానా 20,000, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఎక్కువైన సరుకు అక్కడే దించాలి. డబ్బు ఓనర్ కట్టినా, రాత్రంతా సరుకు పక్కన కాపలా కూర్చునేది నువ్వే. బ్రేకు పడనప్పుడు ముందుండేది కూడా నువ్వే. మామయ్యతో ఈ మాట ముందే అనుకో.

సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం, ఈ-వే బిల్లు సంగతి కూడా కొంచెం అలాంటిదే. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. బండి పాడై గడువు దాటేలా ఉంటే, ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల్లోపు పొడిగించుకోవచ్చు. కంపెనీలో ఆఫీసు కుర్రాడు అర్ధరాత్రి కూడా చేసి పెడతాడు. చిన్న ఓనర్ దగ్గర లోడు ఇప్పించిన బ్రోకర్ ఆఫీసుకు నువ్వే ఫోన్ల మీద ఫోన్లు కొట్టాలి, ఆ బ్రోకర్ ఫోన్ ఎత్తాలి.

ఇక ప్రమాదం. ఈ మాట ఎవరూ చేరే ముందు అడగరు, శకునం బాగోదని. నువ్వు అడుగు. ఒకసారి తెల్లవారుజామున రాంగ్ సైడులో వచ్చిన మోటార్ సైకిల్ నా చేపల బండి పక్కకు తగిలింది. కుర్రాడికి కాలు విరిగింది. 108కి చేసి, నేనే స్టేషన్‌కు వెళ్లి చెప్పాను. బండి స్టేషన్ ఆవరణలో, ఐస్ కరిగి నీళ్లు కారుతోంది, లోపల ఎనిమిది టన్నుల చేప. ఓనర్ మధ్యాహ్నం లోపు కైకలూరు నుంచి కారులో వచ్చాడు. ముందు వచ్చి నా దగ్గర కూర్చుని తిన్నావా అని అడిగాడు. లోడు సంగతి ఆ తర్వాతే. వేరే బండి మాట్లాడి సరుకు మార్పించాడు, జామీనుకు మనుషులను తీసుకొచ్చాడు, కేసు వాయిదాలకు నేను తిరిగిన రోజులకు బత్తా ఇచ్చాడు. పెద్ద కంపెనీలో నా తోటి డ్రైవర్‌కు షోలాపూర్ దగ్గర ఇలాగే జరిగితే, ఆఫీసు నుంచి లాయర్ ఫోన్ నంబర్ మెసేజ్‌గా వచ్చింది. లాయర్ మంచివాడే, కేసు బాగానే చూశాడు, ఖర్చూ కంపెనీదే. కానీ భాష రాని ఊళ్లో రెండు రాత్రులు అతని పక్కన మన మనిషి లేడు. 2024 జనవరిలో డ్రైవర్లు దేశమంతా బండ్లు ఆపింది కూడా ఈ భయంతోనే. నిర్లక్ష్యంగా నడిపి మనిషి చనిపోయేలా ప్రమాదం చేసి, పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అని కొత్త చట్టంలో రాశారు, ట్రాన్స్‌పోర్టర్లతో మాట్లాడాకే అమలు సంగతి చూస్తామని ప్రభుత్వం చెప్పాక విరమించారు. కొట్టేస్తారన్న భయం ఉంటే దగ్గర్లోని స్టేషన్‌కు వెళ్లిపో, ఎప్పుడూ ఫోన్ ఆపేసి మాయం కాకు. అప్పుడు నీ వెనక నిలబడే ఓనర్ ఎవరో ఇప్పుడే తెలుసుకో. మామయ్య దగ్గర ఇంతకుముందు చేసి మానేసిన డ్రైవర్ ఒకరిని పట్టుకుని అడుగు. కంపెనీ అయితే యార్డు బయట టీ కొట్టు దగ్గర గంటసేపు కూర్చో, అంతా వాళ్లే చెబుతారు.

ఇల్లు కావాలంటే రిలే పద్ధతి ఉందేమో కనుక్కో. రివిగో అని 2014లో మొదలైన సంస్థ ఈ పద్ధతిని పెద్ద ఎత్తున నడిపింది. కొన్ని గంటల దూరానికి ఒక డ్రైవర్ బండి అందించి, ఎదురొచ్చే బండెక్కి ఇంటికి వచ్చేయడం. 2022లో దాని ఎక్స్‌ప్రెస్ వ్యాపారాన్ని మహీంద్రా లాజిస్టిక్స్ తీసుకుంది. రిలే లైను దొరికితే, జీతం రెండు మూడు వేలు తగ్గినా చంటిపాప ఉన్నవాడికి అంతకంటే మంచిది లేదు.

మామయ్య దగ్గర ఉన్న అసలు చిక్కు చుట్టరికం. బయటి ఓనర్‌ను "నా డబ్బులు" అని అడగ్గలవు, మామయ్యను అడగలేవు. ఆయనకూ అంతే, పండక్కి ఇస్తాలే అంటాడు, పండగ వెళ్లిపోతుంది. అత్తయ్య మొహం చూసి నువ్వు ఊరుకుంటావు. కాబట్టి మొదటి ట్రిప్పు నుంచే ఒక పుస్తకం పెట్టు. తీసుకున్న అడ్వాన్సు, డీజిల్, టోలు, కాటా, హమాలీ, నీ బత్తా, అన్నీ రాసి బండి దిగగానే ఆయనతో సంతకం పెట్టించుకో. మొదటిసారి ఆయనకు కాస్త చురుక్కుమంటుంది. నాలుగో ట్రిప్పుకు అలవాటవుతుంది.

నీ చోట నేనుంటే ఇలా చేస్తాను. ఆర్‌సీ, లెటర్ రెండూ కంపెనీ పేరు మీదే ఉండి, ఈఎస్‌ఐ వచ్చేలా జీతం ఉండి, ఆగిన రోజులకు బత్తా ఇస్తామని కాగితం మీద రాస్తే కంపెనీలో చేరతాను. ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా మామయ్య బండే ఎక్కుతాను, అదీ ముందు ఆరేడు నెలలు ఆయన పాత డ్రైవర్ పక్కన రెండో డ్రైవర్‌గా. టిప్పర్ నడిపిన చెయ్యి గట్టిదే, కానీ వానలో టార్పాలిన్ కట్టడం, రాత్రి రెండింటికి ఇన్నర్ టైరు మార్చడం, లోడు మీద ఘాట్ దిగేటప్పుడు ఏ గేర్‌లో ఉండాలో, ఇవన్నీ పక్కన మనిషి ఉంటేనే వస్తాయి. కంపెనీలో ఇప్పుడు చాలావరకు ఒంటరి డ్రైవరే.

ఎటు వెళ్లినా ఒరిజినల్ లైసెన్సు మాత్రం ఎవరి బీరువాలోనూ పెట్టనివ్వకు. "మా దగ్గర ఉంచు, మానేసినప్పుడు ఇస్తాం" అనేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. జిరాక్స్ ఇవ్వు, డిజీలాకర్‌లో ఉన్నది చూపించు. కంపెనీవాళ్లు లెటర్ పంపితే పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి అందులోని షరతులు ఇక్కడే పెట్టు, ఏ లైను ఎలా అర్థం చేసుకోవాలో చెబుతాను.